మూడు దిండ్ల నూకాలమ్మ

నీలరేవు జిల్లా ఆసుపత్రిలో గుండె వార్డు హెడ్ సిస్టరు సలోమికి శాలువా కప్పిన రోజునే అనుమానం రావలసింది. ప్రభుత్వం వారు ఊరికే శాలువాలు కప్పరు. ముప్ఫై నాలుగేళ్ల సర్వీసులో ఒక్కరోజు సెలవు అడిగితే మూడు కారణాలు రాయమన్నవాళ్లు, పిలిచి మరీ కుర్చీ వేసి, శాలువా కప్పి, చేతిలో ఆపిల్ పండు పెట్టారంటే, ఏదో ముంచుకొస్తోందని తట్టి ఉండాలి. ఆవిడకు తట్టలేదు. మనసు మంచిది, పైగా ఆ పూట టిఫిన్ కూడా చేయలేదు. పండు తినేసింది.

శాలువా వెనక ఉన్నది ఒక రిజిస్టరు. గుండె బలం తగ్గి, ఒంట్లో నీరు చేరి, కాళ్లు ఉబ్బి, నాలుగడుగులు వేస్తే ఆయాసపడే రోగులతో ఆ వార్డు ఎప్పుడూ నిండుగా ఉంటుంది. వాళ్ల గురించి సలోమి పదకొండేళ్లుగా, ఎవరూ అడక్కుండానే, పొడుగాటి పుస్తకంలో గళ్లు గీసుకుని రాస్తూ వచ్చింది. పేరు, వయసు, బరువు, వాపు మడమ దాకానా మోకాలి దాకానా, ఎన్నో నంబరు మంచం, రోజుకు ఎన్ని తెల్ల మాత్రలు, తాను రోజుకు ఎన్నిసార్లు వెళ్లి చూసింది, చివరికి ఏమైంది. తెల్ల మాత్ర అంటే ఒంట్లో చేరిన నీటిని ఒంటేలు దారిన బయటికి పంపేది. ఇవి కాక ఎన్ని దిండ్లు అని ఇంకో గడి. ఈ జబ్బు మనిషి వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదు. వీపు కింద ఎన్ని దిండ్లు పెడితే కునుకు పడుతుందో చూసి గుండె ఎంత అలిసిపోయిందో చెప్పేయొచ్చు. ఒక దిండు మనిషి రేపోమాపో ఇంటికెళ్తాడు. మూడు దిండ్ల మనిషిని కనిపెట్టుకుని ఉండాలి.

అన్నిటికంటే చివర ఉన్న గడి పేరు 'ఎందుకు'. ఈవిడకు రెండు మాత్రలు ఎందుకు? 'పడుకోలేకపోతోంది.' ఈయనకు నా బల్ల పక్కన ఒకటో నంబరు మంచం ఎందుకు? 'నా కళ్లెదురుగా ఉండాలి.' పదకొండేళ్ల సంగతులన్నీ ఆ గడిలో ఇలాంటి పొట్టి ముక్కల్లో ఉండేవి.

ఆ ఏడాది వైద్యశాఖకు పరిశీలన మీద మోజు పుట్టింది. అంతకు ముందు వరకూ, నాణెం ఎగరేసి సగం మందికి మందిచ్చి, సగం మందికి ఉత్త బిళ్ల ఇచ్చి చేసిన పెద్ద పెద్ద పరీక్షలు తప్ప ఇంకేదీ నమ్మేవారు కాదు. పరీక్షలు గొప్పవే, కాదనడానికి లేదు. కాకపోతే వాటిలో చేర్చుకునే రోగులు పెళ్లిచూపులకు వచ్చినట్టు ఉంటారు. వయసు మీరకూడదు, మూత్రపిండాలు బాగుండాలి, షుగరు ఉండకూడదు, రమ్మన్నప్పుడల్లా రావాలి. నీలరేవు వార్డులో అలాంటి గుండెజబ్బు మనిషి పదకొండేళ్లలో ఒక్కడే వచ్చాడు. తీరా చూస్తే ఆయన రోగి కాదు, రోగికి భోజనం తెచ్చిన బావమరిది. మరి అన్ని రోగాలూ కలిసొచ్చిన ముసలివాళ్లకు మందు ఎలా పనిచేస్తుందో తెలియాలంటే, వాళ్లు వాడుతుండగా కళ్లు పెట్టి చూడటం తప్ప దారి లేదు. సలోమి చేసింది అదే. శాఖవారికి ఆ ముక్క ఆలస్యంగానైనా తెలిసినందుకు ఆవిడ నిజంగా సంతోషించింది.

తెలియడం తెలియడమే పక్షోత్సవాలు ప్రకటించారు. పదిహేను రోజుల పాటు 'పరిశీలనా పక్షోత్సవాలు' నీలరేవులో జరపడానికి వైద్యశాఖ నిదర్శన మండలి సంయుక్త సంచాలకులు కోదండపాణి గారు రాజధాని నుంచి దిగి, గెస్ట్‌హౌసులో మకాం పెట్టారు. ఆయన మాట్లాడితే ప్రతి వాక్యమూ గెజిట్‌లో అచ్చు వేయించుకోవడానికి సిద్ధంగా ఉండేది.

"ఈ రిజిస్టరు రాష్ట్ర వైద్య చరిత్రలో ఒక కలికితురాయి. ఇందలి సమస్త సమాచారమును పోర్టల్ నందు నిక్షిప్తం చేసి, గణాంకములు ఏ దిశగా ఆదేశించునో ఆ దిశగా మండలి నిర్భయంగా పయనించును" అన్నారు శాలువా సభలో.

రెండు రోజుల్లో రిజిస్టరంతా కంప్యూటరులోకి ఎక్కింది. ఒక్క గడి తప్ప. పోర్టల్‌లో గడులన్నీ అంకెల కోసం కట్టినవి. 'పడుకోలేకపోతోంది' అని కొడితే ఎర్రగీత వచ్చి వెనక్కి తోసేసింది.

"అసలు సంగతంతా ఆ గడిలోనే ఉందండి" అంది సలోమి.

"అంకె మాట్లాడును, మాట వాదించును" అన్నారు కోదండపాణి గారు ఆప్యాయంగా. "కారణములు ఆత్మాశ్రయములు. వాటిని మండలి పరిగణించజాలదు."

ఆసుపత్రి సూపరింటెండెంటు డాక్టర్ పానకాలరావు పక్కనుంచి, "ఊరుకోమ్మా, శాలువా కప్పారు కదా" అని కళ్లతో సైగ చేశాడు. ఆయన చెడ్డవాడు కాదు. పై నుంచి వచ్చిన కాగితాన్ని చదవకముందే ఔనని తల ఊపే అలవాటు ఉంది, అంతే.

సరిగ్గా ఆ ముందురోజే వార్డులోకి నూకాలమ్మ వచ్చింది. రేవులో ఎండుచేపలు అమ్ముకునే మనిషి. అరవై ఎనిమిదేళ్లు. గుండెతో పాటు మూత్రపిండాలూ అంతంతమాత్రమే. మోకాళ్ల దాకా వాపు, నాలుగు దిండ్లు పెట్టినా కూర్చునే కునుకు. సలోమి ఆవిడను ఒకటో నంబరు మంచం మీద పడుకోబెట్టి, డాక్టరు చేత రెండు తెల్ల మాత్రలు రాయించి, గంటకోసారి వెళ్లి చూసింది. మర్నాటికి బరువు కిలోన్నర తగ్గి, నాలుగు దిండ్లు మూడయ్యాయి.

"పేనం లేచొచ్చినట్టుందమ్మా. వారంలో రేవుకి పంపించీవా? మా ఆయనకి బేరం సెయ్యడం రాదు, అన్నీ ఊరికే ఇచ్చీసొత్తాడు" అంది నూకాలమ్మ. మొగుడు పోలిరాజు స్టూలు మీద కూర్చుని తప్పు ఒప్పుకుంటున్నట్టు నవ్వాడు.

"ఈ మాత్రలు ఆపకుండా పడితే తప్పకుండా పంపిస్తా" అని మాటిచ్చింది సలోమి. తేలిగ్గా మాటిచ్చే మనిషి కాదావిడ.

మూడో రోజున గణాంకాలు ఆదేశించడం మొదలుపెట్టాయి.

కోదండపాణి గారు తెరమీద బొమ్మ చూపించారు. రోజుకు ఒక మాత్ర వేసుకున్నవాళ్లలో నూటికి ఆరుగురు పోయారు. రెండు వేసుకున్నవాళ్లలో నూటికి ముప్ఫై మంది. "ఐదు రెట్లు! ఇన్నేళ్లుగా ఈ మాత్ర తెల్లటి ముఖం వేసుకుని ప్రజల నడుమ సంచరించుచున్నది" అన్నారు ఆవేదనగా.

సలోమి నిలబడింది. "బాగా జబ్బు చేసినవాళ్లకే కదండీ రెండు ఇచ్చింది. ఆ జబ్బుతో పోయారు. వాన కురిసిన రోజే గొడుగులు ఎక్కువ కనిపిస్తాయి. గొడుగుల వల్ల వాన పడిందంటామా?"

"వానకు సంబంధించిన సమాచారం పోర్టల్‌లో లేదు" అన్నారు ఆయన. ఆ సాయంత్రమే రెండు మాత్రలు ఒకటైపోయాయి.

మర్నాడు దిండ్ల వంతు. ఒక్క దిండు వాడినవాళ్లలో చావులు దాదాపు లేవు. మూడు దిండ్లు వాడినవాళ్లలో నూటికి ఇరవై ఎనిమిది. 'దిండు దుర్వినియోగ నివారణ ఉత్తర్వులు' వచ్చాయి. మనిషికి ఒక్క దిండు చొప్పున ఉంచి, మిగిలిన నలభై ఒక్క దిండ్లనూ స్టోరు గదిలో పెట్టి, తలుపుకు లక్క ముద్ర వేశారు. సలోమి చప్పుడు చేయకుండా దుప్పట్లు మడిచి నూకాలమ్మ వీపు కింద పెట్టింది. పానకాలరావు రౌండ్లకు వచ్చి ఆ మడతల కొండను చూశాడు.

"ఇది దిండు కాదు కదా?"

"దుప్పటండి. రికార్డులో దుప్పటనే ఉంటుంది."

"అయితే నేను చూడలేదు" అని ఆయన పక్క మంచానికి వెళ్లిపోయాడు.

ఆ పైన మంచం. ఒకటో నంబరు మంచం మీద పడుకున్న ప్రతి వందమందిలో నలభై మంది లేవలేదని తేలింది. ఇంజనీర్లు వచ్చి మంచాన్ని విప్పారు. బోల్టులు చూశారు, తుప్పు గోకి సీసాలో పెట్టుకున్నారు, దిక్సూచి పెట్టి తలవైపు ఎటుందో రాసుకున్నారు. ఏ దోషమూ కనబడకపోవడంతో అనుమానం మరీ బలపడింది. మంచాన్ని నలుగురు మోసుకెళ్లి వెనకాల పాతసామాను షెడ్డులో పడేశారు. ప్రెస్ వాళ్లు ఫొటోలు తీశారు.

"నా బల్ల పక్కన ఉంటుందని, అన్నిటికంటే కష్టంగా ఉన్నవాళ్లని అక్కడ పెడతామండి" అని సలోమి మొత్తుకుంది.

"ఎవరిని ఎక్కడ ఉంచవలెనో ఇకపై గణాంకమే నిర్ణయించును. ఇరవై నాలుగో నంబరు మంచంపై పదకొండేళ్లలో ఒక్క మరణమూ సంభవించలేదు. తీవ్ర రోగులనందరినీ వరుసగా దానిపై ఉంచుడు."

సంభవించదు మరి. రేపు ఇంటికెళ్లే వాళ్లను ముందురోజు పడుకోబెట్టే మంచం అది. వార్డుకు ఆ చివర, వరండా తలుపు పక్కన, సిస్టరు బల్ల నుంచి తొంగిచూసినా కనబడదు. నూకాలమ్మను తీసుకెళ్లి దానిమీద పెట్టారు. ఒక మాత్రే పడుతున్నందువల్ల బరువు అప్పటికే కిలో పెరిగింది.

"ఇంటికంపించీసే మంచమంట గదా ఇది, పక్కావిడ సెప్పింది" అని సంబరపడింది నూకాలమ్మ. సలోమి ఆవిడ వీపు కింద దుప్పటి మడతలు సర్దింది.

ఎనిమిదో రోజున మరో గొప్ప సంగతి బయటపడింది. ఒకసారి వచ్చి మందు రాయించుకుని మళ్లీ ఆసుపత్రి ముఖం చూడని రోగులు రెండు వందల పన్నెండు మంది ఉన్నారు. వారిలో నమోదైన మరణాలు సున్నా. ఏ మందుకూ రాని ఫలితం. కోదండపాణి గారు భావోద్వేగంతో కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"అంటే అన్నిటికంటే మేలైన చికిత్స..." అన్నాడు పానకాలరావు భయంభయంగా.

"ఔను. తిరిగి రాకపోవడం."

"వాళ్లు ఉన్నారో లేదో మనకు తెలీదు కదండీ! చెప్పడానికి ఎవరూ రాలేదు, అంతే" అంది సలోమి.

"ఫిర్యాదు చేయుటకు కూడా రాలేదు. గమనించారా?" అన్నారాయన. రోగులను తిరిగి రావద్దని ప్రోత్సహించే కరపత్రం ముసాయిదా ఆ పూటే తయారైంది. అచ్చుతప్పుల సవరణకని ఆగింది గానీ, లేకపోతే జిల్లా అంతా పంచేవాళ్లే.

ఇక మిగిలింది ఒక్క గడి, సిస్టరు ఎన్నిసార్లు వెళ్లి చూసిందీ అన్నది. ఆ బొమ్మా తెరమీద పడింది. సలోమి రోజుకు రెండుసార్లు చూసిన రోగులు నిక్షేపంగా ఇంటికి వెళ్లారు. గంటకోసారి చూసినవాళ్లలో సగానికి సగం పోయారు.

కోదండపాణి గారు గొంతు సవరించుకున్నారు. "సిస్టర్, మండలికి మీపై అపార గౌరవం. శాలువా ఉపసంహరించబడదు. అయితే గణాంకము ముందు స్వపర భేదములు లేవు. తీవ్ర రోగులకు పది అడుగుల లోపునకు మీరు వెళ్లరాదు."

వార్డులో సున్నంతో గీత గీశారు.  మర్నాటి నుంచి సలోమి గీత దగ్గర నిలబడి, "పోలిరాజూ, చేతి బొటనవేలితో కాలు నొక్కి చూడు, గుంట పడుతోందా? ఎంతసేపుంది?" అని అరిచి అడిగేది. పోలిరాజు నొక్కి చూసి, "పడతందమ్మా. తేల్డం నేదు" అని అరిచి చెప్పేవాడు. వార్డులో మిగతా రోగులంతా మంచాల మీద కూర్చుని ఈ సంభాషణ వినేవాళ్లు. కొంతమంది తమ కాళ్లూ నొక్కుకుని చూసుకునేవాళ్లు.

పదకొండో రోజున తెల్ల మాత్రను పూర్తిగా నిషేధిస్తూ ఉత్తర్వు వచ్చింది. ఒక మాత్రకు నూటికి ఆరుగురు పోతున్నప్పుడు, సున్నా మాత్రలకు ఎందరు పోతారో కూడిక తీసివేతలు వచ్చిన ఎవరికైనా తెలుస్తుందని అందులో రాశారు. పక్షోత్సవాల ముగింపు సభ నాడు, అంటే మరో నాలుగు రోజుల్లో, దీన్ని రాష్ట్రమంతటికీ వర్తింపజేస్తారట.

రెండు రోజులు మాత్ర పడకపోయేసరికి నూకాలమ్మ మంచం మీద పడుకోవడమే మానేసింది. కాళ్లు కిందికి వేలాడేసి, రెండు చేతులూ పరుపు మీద ఆనించి, నోటితో గాలి పీల్చుకుంటూ కూర్చుంది. వాపు తొడల దాకా ఎక్కింది. బరువు నాలుగు కిలోలు పెరిగింది. సలోమి గీత దగ్గరికి వచ్చి ఆగింది. కాలు ముందుకు వేసి, మళ్లీ వెనక్కి తీసుకుంది. గీత దాటితే వార్డు నుంచే బదిలీ చేస్తామని కాగితం ఇచ్చారు. తాను పోతే ఇక్కడ ఇక ఎవరున్నారు?

"మాటిచ్చీసేవు కదమ్మా... వారంలో పంపిత్తానని" అంది నూకాలమ్మ, ఒక్కో ముక్కకూ ఊపిరి కూడదీసుకుని. అందులో నిష్ఠూరం లేదు. నిజంగానే గుర్తు చేస్తోంది.

సలోమి తిన్నగా తన గదికి వెళ్లి తలుపేసుకుని ఏడ్చింది. ఏడుపు అయ్యాక ముఖం కడుక్కుని, రిజిస్టరు తీసి బల్లమీద పెట్టింది. వీళ్లకు అంకెలే కావాలి, కారణాలు అక్కర్లేదు. సరే. అంకెలే చూపించాలి. కానీ మాత్ర వేసుకున్నవాళ్లనూ వేసుకోనివాళ్లనూ పక్కపక్కన పెడితే, వేసుకున్నవాళ్లు ఎప్పుడూ జబ్బు ముదిరినవాళ్లే. ఒకే రకం జబ్బుండి, కొందరికి మాత్ర పడి, కొందరికి పడని రోజులు కావాలి. బుద్ధున్న ఏ నర్సూ, ఏ డాక్టరూ అలాంటి పని చేయరు. ఊపిరాడని మనిషికి మందు ఆపి ఏమవుతుందో చూద్దాం అని ఎవరనుకుంటారు?

పేజీలు తిప్పుతుంటే, రెండేళ్ల కిందటి వర్షాకాలం దగ్గర చెయ్యి ఆగింది.

ఆ ఆగస్టులో తెల్ల మాత్రలు రాలేదు. మాత్రలు పంపమని రాసిన ఇండెంటు మీద గుండ్రటి ముద్ర పడాల్సిన చోట పొడుగాటి ముద్ర పడిందని జిల్లా మందుల గిడ్డంగి వాళ్లు కాగితాన్ని తిప్పి పంపారు. సరైన ముద్రతో అది మళ్లీ వెళ్లి, మాత్రలు తిరిగి వచ్చేసరికి ఇరవై మూడు రోజులు పట్టింది. ఆ రోజుల్లో సలోమి పక్క ఊళ్ల ఆసుపత్రులకు ఫోన్లు చేసి బతిమాలింది. ఎక్కడా దొరకలేదు. ఆ పేజీలు ఆవిడ మళ్లీ ఎప్పుడూ తెరవలేదు.

ఇప్పుడు తెరిచింది. మూడు జాబితాలు రాసుకుంది. మాత్రలు ఆగకముందు ఇరవై మూడు రోజులు, లేని ఇరవై మూడు రోజులు, వచ్చాక ఇరవై మూడు రోజులు. మూడింటిలోనూ అరవై దాటినవాళ్లు, మోకాళ్ల దాకా వాపున్నవాళ్లు, మూడు దిండ్లు పెట్టించుకున్నవాళ్లు మాత్రమే. అదే వార్డు, అదే సిస్టరు, అవే మంచాలు. మొదటి జాబితాలో ముప్ఫై ఒక్కరు, ముగ్గురు పోయారు. మూడో జాబితాలో ముప్ఫై ముగ్గురు, అందులోనూ ముగ్గురే. మధ్య జాబితాలో ఇరవై తొమ్మిది మంది. పది మంది పోయారు.

పొద్దున్నే ఆ కాగితం తీసుకుని సూపరింటెండెంటు గదికి వెళ్లింది. కోదండపాణి గారు ముగింపు ఉపన్యాసం దిద్దుకుంటున్నారు. ఆయన కాగితం చదివారు. మళ్లీ చదివారు. ఆ పక్షంలో మొదటిసారి ఆయన నోట మామూలు తెలుగు వచ్చింది.

"ఈ మధ్యలో వాళ్లకి మందు ఇవ్వకూడదని ఎవరు నిర్ణయించారు?"

"ఎవరూ కాదండి. నేనూ కాదు, డాక్టరు గారూ కాదు. ముద్ర నిర్ణయించింది. ఆ మూడు వారాల్లో ఎవరికి ఆయాసం వస్తే వాళ్లకి మందు లేదు. బాగా ఉన్నవాళ్లు, బాగాలేనివాళ్లు అన్న తేడా ముద్రకి తెలీదు కదండీ."

"నాణెం ఎగరేసినట్టు..." అన్నారాయన మెల్లగా. ఎంతైనా చదువుకున్న మనిషి. తాను ఈ రెండు వారాలుగా ఏం చేస్తున్నారో ఒక్క క్షణం ఆయన ముఖంలో కనిపించింది. ఆ క్షణం పూర్తయ్యాక కుర్చీలో సర్దుకుని మళ్లీ సంయుక్త సంచాలకులైపోయారు. "అదనపు మరణములు ఏడు మాత్రమే కదా. మందు ఉన్నను ముగ్గురు మరణించెడివారు."

"ఔనండి. ఆ ముగ్గురూ ఎవరో నాకు తెలీదు. అందుకని పదిమందినీ తలుచుకుంటాను."

పానకాలరావుకు చెమటలు పట్టాయి. ఆ పొడుగాటి ముద్ర ఆయన టేబుల్ సొరుగులోనే ఉంది. "అయ్యా, ఒక చిక్కుంది. ఆ ఏడాది జిల్లాలో మందుల కొరత లేదని నేనే నివేదిక ఇచ్చాను. మంత్రిగారు శాసనసభలో చదివారు కూడా."

 కొరత ఉందని ఒప్పుకుంటే విచారణ. లేదంటే ఆ ఇరవై మూడు రోజులూ లేవు, మాత్ర మంచిదనడానికి రుజువూ లేదు. కోదండపాణి గారు కలం మూత తీశారు, పెట్టారు, తీశారు. ఇరవై ఏళ్ల ఉద్యోగం ఊరికే చేయలేదాయన.

"కొరత లేదు" అన్నారు. "కొరత లేనప్పుడు మందు ఇవ్వకపోవడం బుద్ధిపూర్వకము. బుద్ధిపూర్వకమైనచో అది లోపము కాదు, అధ్యయనము. నీలరేవు ఆసుపత్రి రెండేళ్ల క్రితమే, ఇతరులెవ్వరూ సాహసించని ఒక పరిశీలనను సాహసించినది. దీనిని జాతీయ సదస్సునకు పంపవలెను."

పానకాలరావు ముఖంలోకి రంగు తిరిగి వచ్చింది. కొంచెం ఎక్కువే వచ్చింది. "అలాగైతే ముందు నా పేరు ఉంటే బాగుంటుందేమోనండి. ముద్ర నాదే కదా."

"మీరు మార్గదర్శి. బాధ్యురాలైన పరిశోధకురాలు సిస్టరు." ఆయన ఒక ఫారం తీసి చకచకా నింపి ఆవిడ ముందుకు జరిపారు. "దీనిపై సంతకం కాగానే నిషేధము రద్దు. ఇవాళే, ఈ గంటలోనే. సంతకం లేనిచో ఉపసంఘం వేయవలెను. మూడు నెలలు."

సలోమి చదివింది. 'అధ్యయన నిమిత్తము పైన తెలిపిన ఇరవై మూడు దినములు రోగులకు మాత్రలు నిలిపివేసినది నేనే' అని ఉంది.  ఆ ఆగస్టులో ఎన్ని ఫోన్లు చేసింది, ఎంతమంది కాళ్లావేళ్లా పడింది! ఒక్కొక్కళ్ల పక్కన కూర్చుని, ఇంకాసేపట్లో వచ్చేస్తాయి, ఇంకాసేపట్లో వచ్చేస్తాయి అని అబద్ధం చెప్పింది. ఇప్పుడు అదంతా తానే కావాలని చేసినట్టు రాసివ్వాలి. ఈ కాగితాన్ని ఈ పిచ్చి మనుషుల మొహాన కొట్టి బయటికి నడవాలనిపించింది. నూకాలమ్మకు మూడు నెలలు లేవు. మూడు రోజులు కూడా ఉన్నాయో లేదో.

సంతకం పెట్టింది.

"ఒక చిన్న లోటు" అన్నారు కోదండపాణి గారు, ఫారం వెనక్కి తిప్పుతూ. "అధ్యయనంలో పాల్గొన్నవారి సమ్మతి పత్రములు. వారేమైనా రాసి ఇచ్చారా?"

"రాసిచ్చారండి. మాత్రలు ఇప్పించమని కలెక్టరు గారికి అర్జీ. వేలిముద్రలు కూడా ఉన్నాయి. జత చేయమంటారా?"

"వద్దు, వద్దు" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

మందుల గదిలో మాత్రలు తీసుకుని, సలోమి వార్డులోకి దాదాపు పరుగెత్తింది. సున్నపు గీత ఎక్కడుందో కూడా చూడలేదు. నూకాలమ్మ అలాగే కాళ్లు వేలాడేసి కూర్చుని ఉంది. పోలిరాజు విసనకర్ర విసురుతున్నాడు. సలోమి రెండు మాత్రలు ఆవిడ అరచేతిలో పెట్టింది.

"మానీమన్నారు కదేటి... మల్లీ ఇత్తన్నారు?" అంది నూకాలమ్మ.

"ఇది మంచి మాత్రేనని తేలింది నూకాలూ."

"ఎలాగ తేలిందమ్మా?"

 సలోమి ఉన్నదే చెప్పింది. "రెండేళ్ల కిందట ఇది దొరక్క పదిమంది పోయారు, ఈ వార్డులోనే. వాళ్ల మూలంగా తేలింది."

"ఎవులమ్మా ఆలు?"

"మొదట పోయింది గనగళ్ల పెంటయ్య."

నూకాలమ్మ తలెత్తింది. "తెరసాప పెంటయ్యా? మా ఈదోడే. వానొచ్చి సేపలు తడిసిపోతంటే ఎవులివని సూడకుండా గోనెలు కప్పీసీవోడు." అరచేతిలోని మాత్రలను కళ్లకు అద్దుకుంది. నీళ్లు అక్కర్లేదని చెయ్యి ఊపి, రెండూ ఒకేసారి మింగింది. మొగుడి చేతిలోని విసనకర్ర ఆపించింది.

"మిగతావోల్ల పేర్లు కూడా సెప్పమ్మా" అంది.

సలోమి మంచం అంచున కూర్చుని, తొమ్మిది పేర్లూ ఒక్కొక్కటే చెప్పింది.